కుంకుడు మోకాలు, మా మంగళవారాలు

నేను రాస్తున్నది ఒక గుర్రప్పిల్ల మోకాలి గురించి. మనుషుల జబ్బులే బోలెడుంటే మధ్యలో గుర్రం మోకాలేమిటి అనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను. ఆగనివాళ్లకి ముందే చెప్పేస్తున్నాను: పిల్ల బతికింది, నడుస్తోంది. ఈ ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా ఇలాంటి అనుభవాలు ఎవరివి దొరికితే వాళ్లవి చదివాను. ప్రతిసారీ చివరి పేరా చూసుకుని, గుండె కుదుటపడ్డాకే మొదటికి వెళ్లేదాన్ని. ఆ కంగారు ఇంకొకరికి ఎందుకు?

నా పేరు పద్మ. రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ విభాగం చూస్తాను. అంటే, పక్కవాళ్లు చేసిన పనిలో తప్పులు పట్టడానికి నాకు జీతం ఇస్తారు. ఇంట్లో జీతం లేకుండానే ఆ పని చేస్తానని మావారి ఫిర్యాదు. మావారు రవి ప్రభుత్వ ఉద్యోగి. మాది తెనాలి వైపు, ఇరవయ్యేళ్లుగా కొండాపూర్‌లో ఉంటున్నాం. ఒక్కతే కూతురు హాసిని, ఇప్పుడు పదో తరగతి.

హాసినికి చిన్నప్పటి నుంచీ గుర్రాల పిచ్చి. గండిపేట దాటాక యాదయ్యగారని ఒకాయన పిల్లలకి స్వారీ నేర్పుతారు. రేసు గుర్రాల దగ్గర ముప్పయ్యేళ్లు చాకిరీ చేసి, ఆ తర్వాత నాలుగు గుర్రాలతో సొంతంగా షెడ్డు వేసుకున్న మనిషి. నిరుడు జనవరిలో ఆయన ఆడగుర్రం ఈనింది. ఆ పొద్దున హాసిని అక్కడే ఉంది. తడితడిగా, వణుకుతూ, కుంకుడుకాయ రంగులో ఉన్న ఆ పిల్లని చూసి "కుంకుడూ" అని పిలిచేసింది. యాదయ్యగారు నవ్వి, "మీ బిడ్డ పేరు పెట్టినంక ఇగ నేనేం జేస్త అమ్మా, సగం మీదే" అన్నారు. అలా సగం గుర్రానికి యజమానులమయ్యాం. ఆఫీసులో కార్ల గురించి, ఫ్లాట్ల గురించి మాట్లాడుకునేవాళ్ల మధ్య "మా గుర్రం" అనడం నాకెంత ఇష్టంగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. వాయిదా వేస్తే మళ్లీ చెప్పలేను.

నిరుడు వానాకాలంలో మా కంపెనీలో లిస్టు అన్న మాట మొదలైంది. ఉద్యోగాలు తీసేస్తారని, పేర్లు తయారవుతున్నాయని. శుక్రవారం సాయంత్రం మేనేజరు నుంచి పిలుపు వస్తే చాలు, అందరి మొహాలూ పాలిపోయేవి. నేను ఇంట్లో ఎవరికీ చెప్పకపోయినా మా అమ్మ ఫోనులో నా గొంతుని బట్టి కనిపెట్టేసింది. మా ఊరి సిద్ధాంతిగారి దగ్గర నా జాతకం చూపించింది. కేతువు బాగోలేడట. ఉలవలు కేతువు ధాన్యం కాబట్టి ఉలవ గుగ్గిళ్లు బెల్లం కలిపి ఏడు మంగళవారాలు గుర్రానికి పెట్టాలట. "అందరూ గుర్రం కోసం ఊరంతా తిరుగుతారే, నీకైతే ఇంటి గుర్రమేనాయె" అంది అమ్మ సంబరంగా.

నేను నవ్వాను. నవ్వి, ఆ మంగళవారం తెల్లారగానే కుక్కర్‌లో ఉలవలు పెట్టాను.

ఏడో మంగళవారం అయిన వారంలోనే లిస్టు వచ్చింది. అందులో నా పేరు లేదు. క్యాంటీన్‌లో ఇద్దరికి చెప్పాను, అంతే. ఆ ఇద్దరూ ఇంకో ఇద్దరికి చెప్పారు. దసరా నాటికి "మంగళవారం గుగ్గిళ్లు" అని ఒక వాట్సాప్ గ్రూపు, అందులో ఇరవై మందికి పైగా జనం. మెడలో ఆఫీసు ట్యాగు, చేతిలో టిఫిను డబ్బా, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా షెడ్డుకి వచ్చి, కుంకుడు నోటికి గుగ్గిళ్లు అందించి, దణ్ణం పెట్టుకుని, తొమ్మిదిన్నర మీటింగుకి పరిగెత్తేవాళ్లు. గట్టిగా ఇంగ్లీషులో వాదించే కుర్ర ఇంజినీర్లు కూడా కళ్లు మూసుకుని ఆ పిల్ల ముందు నిలబడేవారు. భయం అలాంటిది. నేను వాళ్లని వెక్కిరించడం లేదు, మొదట నిలబడింది నేనే.

మొదట్లో ఒకరు అడిగారు, నాలుగు పెద్ద గుర్రాలున్నాయి కదా, దేనికి పెట్టాలని. "జీను వెయ్యని గుర్రమైతే మంచిది" అన్నాను. ఆ మాట సిద్ధాంతిగారు అనలేదు. ఏ పంచాంగంలోనూ లేదు. అందరూ మా పిల్ల దగ్గరికే రావాలని, మా పిల్లనే ముద్దు చేయాలని నా నోటికి అప్పటికప్పుడు వచ్చిన మాట అది. రెండు నెలలు తిరక్కుండా ఎవరో కొత్తమ్మాయి లిఫ్టులో నాకే చెప్పింది, "జీను వెయ్యని గుర్రమే అంట కదండీ, శాస్త్రంలో ఉందట" అని. రుజువు లేని మాటని ఆఫీసులో ఒక్క క్షణం ఒప్పుకోని మనిషిని, తలూపి మా అంతస్తులో దిగిపోయాను.

యాదయ్యగారు ఒకసారి చెప్పి చూశారు. "అమ్మా, గిన్ని పెడితె పిల్లకు ఎక్కువైతది. గడ్డి సాలు దానికి."

"దేవుడి పేరు మీద తెచ్చినవండీ, వద్దంటే వాళ్ల మనసు కష్టపడుతుంది" అన్నాను.

ఆయన భక్తిగల మనిషి. మొక్కు కింద వచ్చింది పారేయడానికి చేతులు రాలేదు. మంగళవారం మిగిలిన గుగ్గిళ్లు బుధవారం, అవీ మిగిలితే గురువారం. కుంకుడు ఎదిగింది చూడండి! ఏడాది నిండేసరికి తల్లి పక్కన నిలబడితే చెల్లెలిలా ఉంది. ఒళ్లు నిగనిగలాడేది. అందరూ ఫొటోలు తీసుకునేవాళ్లు. నేనైతే సొంత బిడ్డ బరువు పెరిగితే మురిసిపోయే తల్లిలా మురిసిపోయాను.

ఫిబ్రవరి మొదట్లో ఒక ఆదివారం హాసిని అంది, "అమ్మా, అది పరిగెత్తేటప్పుడు వెనక రెండు కాళ్లూ కలిపి కుందేల్లా గెంతుతోంది, చూశావా?" ఆటలాడుతోందిలే అన్నాను. నాలుగు రోజులకి యాదయ్యగారి ఫోను. "అమ్మా, పిల్ల కుడికాలు మీద బరువిడుస్తలేదు. పండుకుంటె లేస్తలేదు. జర వచ్చి చూడుండ్రి."

గుర్రానికి వెనక కాలి మోకాలు మనం అనుకునే చోట ఉండదు. పొట్ట అంచున, పైన ఉంటుంది. అక్కడ పూరీలా పొంగి ఉంది. నేను చెయ్యి వేస్తే కుంకుడు తల తిప్పి నా మోచేతిని వాసన చూసింది, తినడానికి ఏమైనా తెచ్చానేమోనని. అప్పటికింకా నాకేమీ తెలియదు కాబట్టి నవ్వొచ్చింది.

నగరం ఆ చివరనున్న పశువుల దవాఖానకి వ్యానులో తీసుకెళ్లాం. మావారు సెలవు పెట్టి, హాసిని స్కూలు మానేసి వచ్చారు. అక్కడ వేచి ఉండే గది అంటూ లేదు. రేకుల పందిరి కింద సిమెంటు బెంచీలు, ఆ బెంచీల మీద మనుషులు, ఆ మనుషుల కాళ్ల దగ్గర రోగులు. గొలుసు పట్టుకున్న కుక్కలవాళ్లు, దూడని తెచ్చిన ఆడమనిషి, బుట్టలో కోడిని పెట్టుకున్న పెద్దాయన. ఎవరూ ఎవరినీ జబ్బేమిటని అడగరు. "తింటోందా?" అని మాత్రం అడుగుతారు. తింటోందని చెప్తే, అయితే ఫరవాలేదంటారు. మేమూ అందరికీ గర్వంగా తింటోందనే చెప్పాం.

డాక్టర్ గ్రేస్‌గారు వరంగల్ వైపు మనిషి, వాళ్లమ్మ నర్సుగా చేసి రిటైరయ్యారట. ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తి పట్టి చూశారు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: "దీనికి తిండి ఎవరు పెడతరు? ఏం పెడతరు?"

యాదయ్యగారు నేల చూపులు చూస్తూ, "నేనే డాక్టరమ్మా. నేనే జర ఎక్కువ పెట్టిన" అన్నారు.

నేను నోరు మెదపలేదు. ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే రాయడం కష్టమైన వాక్యం ఇదే. ముప్పయ్యేళ్లు గుర్రాల మధ్య బతికిన మనిషి నా తప్పు నెత్తిన వేసుకుంటుంటే ఊరుకున్నాను. ఎంతసేపని అడిగితే చెప్పలేను, నాలుగైదు క్షణాలేమో.

హాసిని ఊరుకోలేదు. "కాదు డాక్టర్. యాదయ్య తాత వద్దనే చెప్పాడు. మా అమ్మ ఆఫీసు వాళ్లందరూ ఉలవలు పెట్టారు. అమ్మే పెట్టించింది. జాబ్ పోకూడదని."

డాక్టరుగారు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ కాగితం తీసి బొమ్మ గీశారు. "మీ దిక్కు బిల్డింగులు లేస్తనే ఉంటయి గదా. స్లాబ్ వేసినంక నీళ్లు పెట్టి, గట్టిపడేదాక ఆగుతరు. ఆగకుండ పైన ఇంకో అంతస్తు వేస్తె? ఎదిగే పిల్లల ఎముకల చివరల మెత్తటి కార్టిలేజ్ ఉంటది. అది టైముకు ఎముకగ మారాలె. దీనికి లోపల మారకముందే పైన ఒళ్లు పెరిగింది. ఒక దగ్గర పెచ్చు లేసింది." నా మొహం చూసి, గొంతు తగ్గించారు. "తిండి ఒక్కటే కారణం అని నేను చెప్పలేను. తండ్రి గుర్రం భారీది, జాతి ఉంటది, మన ఖర్మ ఉంటది. కని తిండి చెయ్యి గుడ ఉన్నది."

మొదట ఆరు వారాలు షెడ్డులోనే చిన్న గదిలాంటి కొట్టులో కదలకుండా ఉంచాలి, ఉలవలు బంద్, పచ్చగడ్డి, ఆవిడ రాసిచ్చిన పొడి మాత్రమే. తగ్గకపోతే సన్నటి గొట్టంతో మోకాల్లోకి వెళ్లి పెచ్చు తీసేసి, పిల్ల రొమ్ము ఎముకలోంచే మూలుగ తీసి ఆ గుంటలో పెడతారు. దాని ఒంట్లోదే దాన్ని బాగు చేయాలని ఆశ. "అదీ పని చేయకపోతే?" అని మావారు అడిగారు.

"నడుస్తది. కని ప్రతి అడుగూ నొప్పే. అప్పుడు మనం వేరే మాట మాట్లాడుకోవాలె."

వేరే మాట ఏమిటో అందరికీ అర్థమైంది. హాసిని బయటికి వెళ్లి వ్యానులో కుంకుడు పక్కన నిలబడింది. ఇంటికి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా. అన్నం పెట్టుకుంటావా అంటే తలూపేది. స్కూలు కాగితాల మీద సంతకాలు వాళ్ల నాన్నతో పెట్టించుకునేది. రవిగారు కేకలేసే మనిషి కాదు, ఒక్క మాట అన్నారు. "జాతకం నీది, మోకాలు దానిది. అదేనే నాకు మింగుడుపడటం లేదు."

మార్చి అంతా కుంకుడు నాలుగు గోడల మధ్య ఉంది. పరిగెత్తడానికి పుట్టిన పిల్లని కట్టిపడేయడం చూడలేం. తలుపు చెక్క కొరికేది, గోడని తన్నేది, మమ్మల్ని చూస్తే ఏడుపులాంటి సకిలింపు. నేను గ్రూపులో "కుంకుడుకి ఒంట్లో బాగాలేదు, దయచేసి కొన్నాళ్లు ఎవరూ రావద్దు" అని పెట్టాను. ఎందుకు బాగాలేదో రాయలేదు. అందరూ దణ్ణాల బొమ్మలు పెట్టారు. ఒకాయన మాత్రం, తనకింకా రెండు మంగళవారాలు మిగిలాయని, ఇంకెక్కడైనా జీను వెయ్యని గుర్రం ఉంటే చెప్పమని అడిగాడు. ఫోను బోర్లా పెట్టేశాను.

వాపు తగ్గలేదు. ఏప్రిల్‌లో ఆపరేషన్ అన్నారు.

ఆ రోజు ఎండ నిప్పులు చెరిగింది. పందిరి కింద బెంచీకి ఈ చివర నేను, ఆ చివర హాసిని, మధ్యలో యాదయ్యగారు, కాలికి కట్టుతో ఉన్న మేకని ఒళ్లో పెట్టుకున్న ఒక ముసలాయన. గోల్కొండ దగ్గర్నుంచి వచ్చాడట. లోపలికి తీసుకెళ్లే ముందు డాక్టర్ గ్రేస్‌గారు కుంకుడు నుదుటి మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, పెదవులు కదిలించారు. చదువుకున్న డాక్టరు, అంతా తెలిసిన మనిషి, అయినా ఒక్క క్షణం ఆగారు. నేనూ కళ్లు మూసుకున్నాను. ఏమీ కోరలేకపోయాను. కోరికలన్నీ అంతకుముందే ఆ పిల్ల మీద పెట్టేశానని అనిపించింది.

ముసలాయన సీసాలోంచి మజ్జిగ వంచి ముందు హాసినికి, తర్వాత నాకు ఇచ్చాడు. "తాగు బేటీ. పరేషాన్ కాకు. ఈ డాక్టరమ్మ చెయ్యి మంచిది. నా బక్రీని రెండుసార్లు నిలబెట్టింది" అన్నాడు. ఉప్పు ఎక్కువైన ఆ మజ్జిగ రుచి ఇంకా నాలుక మీద ఉంది.

గుర్రాలకి ఆపరేషన్ కంటే ఆ తర్వాత లేవడమే గండమట. మత్తు దిగేటప్పుడు కంగారుగా లేవబోయి పడితే కాలు విరిగిపోవచ్చు. గోడలకి పరుపులు కట్టిన గదిలో వదిలేసి తలుపు మూస్తారు. మేం బయట గోడకి ఆనుకుని నిలబడ్డాం. లోపల ధన్‌మని చప్పుడైంది. పడింది. ఒక నిమిషం నిశ్శబ్దం. మళ్లీ ధన్‌మంది. హాసిని యాదయ్యగారి చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. నా పక్కనే ఉండి కూడా నా చెయ్యి పట్టుకోలేదు.

అక్కడే చెప్పేశాను. ఎందుకు అప్పుడే చెప్పానో తెలియదు, దాచుకోవడానికి ఇంక చోటు లేదనిపించింది. "హాసినీ, జీను వెయ్యని గుర్రానికే పెట్టాలన్నది ఎవరూ చెప్పలేదే. నేను కల్పించి చెప్పాను. లేకపోతే పెద్ద గుర్రాలు కూడా తినేవి. దీనికి ఇంత పడేది కాదు."

రెండు నెలల్లో మొదటిసారి నా మొహంలోకి చూసింది. "ఎందుకమ్మా?"

"మన పిల్ల అని గొప్పకి."

లోపల మూడోసారి చప్పుడైంది. తర్వాత గిట్టలు తడబడిన శబ్దం. ఆ తర్వాత ఏమీ లేదు. యాదయ్యగారు చెవి గోడకి ఆనించి విన్నారు. ఆయన కళ్లు నిండిపోయాయి. "నిలవడ్డదమ్మా" అన్నారు.

ఆ సాయంత్రమే గ్రూపులో మొత్తం రాశాను. ఉలవలు ఎక్కువవడం వల్ల కూడా పిల్ల మోకాలు పాడైందని, జీను మాట నా కల్పన అని, యాదయ్యగారు వద్దన్నా నేనే వినలేదని, క్షమించమని. టెస్టింగ్ రిపోర్టు రాసినట్టు ఒకటీ వదలకుండా రాశాను. ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు. అప్పుడు సతీష్ మెసేజ్ వచ్చింది.

సతీష్ మా టీములోనే చేసేవాడు, కరీంనగర్ కుర్రాడు. ఏడు మంగళవారాలు అయ్యాక భయం తీరక ఇంకో ఏడు పెట్టాడు. అయినా జనవరి లిస్టులో అతని పేరు వచ్చింది. అతను నన్ను నిలదీస్తాడేమో అనుకున్నాను. అతను రాసింది ఇది: "పద్మక్కా, అందరికంటె ఎక్కువ పెట్టింది నేనే. పొద్దటి పూట ఖాళీగనే ఉంటున్న. ఏం చెయ్యాల్నో చెప్పు, వస్త."

ఆపరేషనయిన మూడో వారం నుంచి కుంకుడుని తాడు పట్టుకుని నెమ్మదిగా నడిపించాలి. మొదట పూటకి ఐదు నిమిషాలు, తర్వాత ఎనిమిది, తర్వాత పది. గెంతనివ్వకూడదు, పరిగెత్తనివ్వకూడదు, కానీ నడవాలి. దానికి రోజూ వచ్చే మనిషి కావాలి, ఓపిక కావాలి. సతీష్ రోజూ ఎనిమిదింటికల్లా వచ్చేవాడు. ఒక రోజు తాడు చుడుతూ తనే చెప్పాడు. "నా జాబ్ పోయిందని ఇంట్ల నాన్నకు చెప్పలే అక్కా. టైముకు బయటపడకుంటె అడుగుతడు. గిక్కడికొచ్చి దీంతోని పది నిమిషాలు నడిస్తె, ఇగ ఆ దినం గడుస్తది."

అతని వెనకాలే మిగతావాళ్లు ఒక్కొక్కరూ రావడం మొదలుపెట్టారు. యాదయ్యగారు కొట్టు తలుపు మీద సుద్దముక్కతో "ఉలవలు తేవొద్దు" అని రాసి పెట్టారు. ఎవరూ తేలేదు. మే నెల ఎండకి రేకుల మీద గోనెసంచులు తడిపి పరిచారు. లావణ్య అనే అమ్మాయి నడక నిమిషాలు ఫోనులో లెక్కపెట్టేది, ఎనిమిదో నిమిషం దాటితే యాదయ్యగారిని కూడా కసిరేది. ఒంటరిగా ఉంటే తలుపు కొరుకుతోందని, ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో ల్యాప్‌టాప్ తెచ్చుకుని కొట్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాళ్లు. మీటింగుల్లో మాట్లాడుతుంటే కుంకుడు తలుపు మీంచి మెడ చాపి, చెవులు నిక్కించి వినేది. అమెరికా మేనేజరు ఒకాయన ఆ సకిలింపు విని, ఎవరిదా గొంతని అడిగాడట. మా టీములో కొత్తగా చేరిందని చెప్పారు.

జూన్‌లో తొలి వాన, పెద్ద ఉరుము. కుంకుడు బెదిరి కొట్టులోనే ఎగిరిపడింది. మర్నాటికి మోకాలు మళ్లీ పొంగింది. ఆ రోజు నేను షెడ్డు వెనక్కి వెళ్లి, గడ్డిమోపుల మీద కూర్చుని, అంతా అయిపోయిందని ఏడ్చాను. డాక్టర్ గ్రేస్‌గారు ఆదివారమైనా చర్చి నుంచి నేరుగా వచ్చారు, తెల్లచీర కుచ్చిళ్లు బురదలో తడుస్తున్నా చూసుకోలేదు. పిల్ల మెడలోంచి రక్తం తీసి, చిన్న మిషనులో తిప్పి, పైన తేలిన పసుపుపచ్చటి ద్రవాన్ని మోకాల్లోకి ఎక్కించారు. "ఇది మందు గాదు పద్మగారూ. దాని రక్తంలున్న బాగుచేసే గుణాన్నే ఒక దగ్గరికి తెచ్చి పెడుతున్నం. ఇగ అది చూసుకుంటది. మనం ఆగాలె" అన్నారు.

ఆగాలి. ఆ తొమ్మిది నెలల్లో నేను నేర్చుకున్నది అదొక్కటే, అదీ సరిగ్గా నేర్చుకోలేదు. ఎదిగే పిల్లలున్న వాళ్లెవరైనా, కుక్కపిల్లైనా, దూడైనా, మనిషి పిల్లైనా సరే, వాళ్ల ఒళ్లు చూసి లోపల కూడా అంతా అయిపోయిందనుకోకండి. ముద్దుతో పెట్టే తిండి కూడా బరువే అవుతుందని నాకెవరైనా ముందే చెబితే వినేదాన్ని కాదేమో. యాదయ్యగారు చెప్పారు కదా, వినలేదు. అయినా చెప్తున్నాను. ఇలాంటి ఎక్స్‌రే చేతిలో పట్టుకుని ఎవరైనా బెంచీ మీద కూర్చుని ఉంటే, వాళ్లకి ఇంకో మాట కూడా చెప్పాలి. వాపు మళ్లీ వచ్చినంత మాత్రాన కథ అయిపోదు. మాకు జూలై నెలాఖరుకి తగ్గింది, ఆ తర్వాత రాలేదు.

ఆగస్టులో సతీష్‌కి బాచుపల్లిలో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెప్పే ఉద్యోగం వచ్చింది. వాళ్ల నాన్నకి అప్పుడు రెండు విషయాలూ ఒకేసారి చెప్పాడట. ఆదివారాలు ఇంకా వస్తున్నాడు.

హాసిని ఆపరేషన్ రోజు తర్వాత నాతో మాట్లాడుతూనే ఉంది, అవసరమైనంత. గడ్డి తెచ్చావా, కట్టుకట్టే టేపు ఎక్కడ, డాక్టర్‌కి ఫోన్ చేశావా. నాకు అదే చాలనిపించేది. చాలదని కూడా అనిపించేది.

అక్టోబరులో ఆఖరి పరీక్ష. మెత్తటి మట్టి మీద సన్నటి కుంటు తెలియదట, గట్టి నేల కావాలన్నారు. షెడ్డు ముందు సిమెంటు రోడ్డు మీద హాసిని తాడు పట్టుకుని నిలబడింది. మావారు, యాదయ్యగారు, సతీష్, లావణ్య, ఇంకో పది మంది గేటు దగ్గర ఊపిరి బిగబట్టి ఉన్నారు. డాక్టర్ గ్రేస్‌గారు హాసినితో, "ఉరుకు బిడ్డా, నీతోని అది ఉరుకుతది" అన్నారు. అని, రోడ్డుకి వీపు పెట్టి, కళ్లు మూసుకున్నారు. చూడరేమిటని అడిగాను. "కన్ను మోసం చేస్తది. కుంటే గుర్రం అడుగులు ఒకటి బరువుగ, ఒకటి తేలికగ వడ్తయి. చెవికి తెలుస్తది" అన్నారు.

హాసిని పరిగెత్తింది. దాని పక్కన కుంకుడు, ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి. మేమంతా కళ్లు మూసుకున్నాం, ఎవరూ చెప్పకుండానే. టక్ టక్ టక్ టక్. ఒకే బరువు, ఒకే ఎడం. అటు చివరిదాకా వెళ్లింది, తిరిగింది, మళ్లీ వచ్చింది. నా జీవితంలో తప్పు కోసం అంత జాగ్రత్తగా వెతికిన సందర్భం ఇంకోటి లేదు. దొరకలేదు.

డాక్టరుగారు కళ్లు తెరిచి, "ఇగ బయట మేయనియ్యుండ్రి" అన్నారు. రేసులకి, ఎత్తులు దూకడానికి పనికిరాదు, మూడేళ్లు నిండాక బరువు తక్కువ పిల్లలు మెల్లగా స్వారీ చేయొచ్చు. అంతే చాలు మాకు. యాదయ్యగారు తలపాగా తీసి మొహం దాచుకున్నారు. సతీష్ లావణ్య భుజం మీద తల పెట్టేసి, మళ్లీ సిగ్గుపడి వెనక్కి జరిగాడు. మావారు ఎవరికో ఫోను చేస్తున్నట్టు దూరంగా వెళ్లారు, ఫోను మాత్రం జేబులోనే ఉంది.

తాళ్లు విప్పి కంచె లోపలికి వదిలాం. కుంకుడు కాసేపు నమ్మలేనట్టు నిలబడి, తర్వాత తల వంచి గడ్డి మొదలుపెట్టింది. నేను కంచె పట్టుకుని చూస్తున్నాను. హాసిని చెమటతో వచ్చి నా పక్కన ఆనుకుంది, భుజానికి భుజం తగిలేలా.

"అమ్మా, నీ మీద కోపం ఇంకా పోలేదు. కానీ ఇవాళ చాలా హ్యాపీగా ఉంది. రెండూ ఒకేసారి ఉంటాయా?"

"ఉంటాయే" అన్నాను. "నా మీద నాకూ అంతే."